ఒప్పందంలో ప్రథమ పురుష

తెలుగు వ్యాకరణంలో 'నేను' ఉత్తమ పురుష. 'నువ్వు' మధ్యమ పురుష. మాట్లాడుకుంటున్న ఈ ఇద్దరి మధ్యా లేకుండా, ఇద్దరూ ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో ఆ మనిషి ప్రథమ పురుష. పేరుకి మాత్రమే ప్రథమం. ఆ మనిషి పదేళ్ల ఆడపిల్ల అయినా వ్యాకరణం ఆమెని పురుష అనే అంటుంది. ప్రభుత్వ శిశు సంక్షేమ శాఖలకీ, పిల్లల హోములు నడిపే సంస్థలకీ మధ్య నడిచే కాగితాలు చదువుతున్నప్పుడల్లా నాకు ఈ పాఠం గుర్తొస్తుంది. ఇచ్చే పక్షం ప్రభుత్వం. పుచ్చుకునే పక్షం సంస్థ. సంతకాలు ఆ ఇద్దరివే. ఏ పిల్ల పేరు మీద డబ్బు చేతులు మారుతోందో ఆ పిల్ల మాత్రం కాగితంలో ఒక అంకె. మహా అయితే 'లబ్ధిదారు'.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానివి, జీవోలూ మార్గదర్శకాలూ నీకెందుకు అని స్నేహితులు అడుగుతుంటారు. స్త్రీవాద విమర్శ మనకి నేర్పిన మొదటి ప్రశ్న, ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు అన్నది. ప్రబంధాల్లో, నవలల్లో, పాఠ్యపుస్తకాల్లో ఆ ప్రశ్న వేసుకుంటూ చాలా దూరం వచ్చాం. ప్రభుత్వం రాసే వచనాన్ని మాత్రం అధికారులకీ లాయర్లకీ వదిలేశాం. అది వాళ్ల శాస్త్రం, మనకి తెలియదు అనుకున్నాం. కానీ కథలో ఆడపిల్ల గొంతు లేకపోతే జరిగే నష్టం వేరు, ఆమె ఎక్కడ పడుకోవాలో ఎవరి కాపలాలో బతకాలో తేల్చే కాగితంలో ఆమె గొంతు లేకపోతే జరిగే నష్టం వేరు. ఆ రెండో నష్టం ఎలాంటిదో బీహార్‌లోని ముజఫర్‌పూర్ చూపించింది. అక్కడికి వెళ్లేముందు ఈ ఒప్పందాలు ఎలా నడుస్తాయో కొంచెం చెప్పుకోవాలి.

తల్లిదండ్రులు లేని పిల్లలు, ఉన్నా ఇంట్లో ఉండలేని పిల్లలు, తప్పిపోయినవాళ్లు, వెట్టిపనిలోంచో వ్యభిచార గృహాల్లోంచో విడిపించి తెచ్చినవాళ్లు, వీళ్లందరి బాధ్యతా రాజ్యానిదే అంటుంది చట్టం. 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టమూ, దాని స్థానంలో 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 2015 చట్టమూ ఈ మాట చెప్తూనే ఉన్నాయి. పిల్లని ఎక్కడ ఉంచాలన్నది జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ నిర్ణయిస్తుంది. ఉంచే చోటు మాత్రం చాలాసార్లు ప్రభుత్వానిది కాదు, ఏదో ఒక ట్రస్టుదో సొసైటీదో అయి ఉంటుంది. ఆ సంస్థ చట్టం కింద నమోదు చేసుకోవాలి. గ్రాంటు పొందే సంస్థకి పిల్లల తలలు లెక్కపెట్టి, తలకి ఇంత అని పోషణ ఖర్చు ఇస్తారు. సిబ్బందికి ఇంత, అద్దెకి ఇంత అని విడిగా ఉంటుంది. సంస్థ ఖర్చుల లెక్క చూపించి వినియోగ పత్రం దాఖలు చేస్తుంది. లెక్క సరిపోతే తరవాతి విడత వస్తుంది. 2009లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం కింద ఈ ఏర్పాటు దేశమంతటికీ ఒక రూపం తీసుకుంది. ఇప్పుడు దాని పేరు మిషన్ వాత్సల్య.

ఎంత పెద్ద ఏర్పాటో చూడండి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2016-17లో చేయించిన సర్వే నివేదిక 2018లో బయటికొచ్చింది. దేశంలో 9,589 హోములు లెక్కకి వచ్చాయి. అందులో 91 శాతం ప్రభుత్వేతర సంస్థలు నడుపుతున్నవి. సర్వే నాటికి బాలల న్యాయ చట్టం కింద నమోదైనవి 32 శాతం మాత్రమే. అంటే రాజ్యం తన మీద వేసుకున్న తల్లిదండ్రుల పాత్రని పదింట తొమ్మిది చోట్ల వేరేవాళ్లకి అప్పగించింది. అప్పగించిన చోట్లలో ఎక్కువ భాగం తన సొంత చట్టం కిందికే రాలేదు. ఈ అప్పగింతకి సర్కారీ భాషలో ఉన్న ముద్దుపేరు 'భాగస్వామ్యం'.

తలకి ఇంత అన్న ఆ మొత్తం మీద కూడా ఒక్క క్షణం ఆగాలి. పథకం మొదలైనప్పుడు పోషణ గ్రాంటు ఒక పిల్లకి నెలకి 750 రూపాయలు, అంటే రోజుకి 25. 2014లో దాన్ని 2,000 చేశారు. మిషన్ వాత్సల్యలో 3,000. ఆ మొత్తంతో పెరిగే వయసు పిల్ల తిండి, బట్ట, సబ్బు, తలనూనె గడవాలి. ఇంత తక్కువలో ఎలా గడుస్తుందని ఎవరూ అడగరు, ఎందుకంటే ఇళ్లలో ఆడవాళ్లు ఎప్పటినుంచో అలాగే గడుపుతూ వస్తున్నారు. వండటం, ఉతకటం, జ్వరం వచ్చిన పిల్ల పక్కన మేలుకోవటం పని కిందికి రావని సమాజం అనుకుంటుంది. ఆ అనుకోలు మీదే బడ్జెట్టు తయారవుతుంది. హోములో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం పేరు హౌస్ మదర్. ఆ పేరులో 'మదర్' ఉన్నందుకే ఆ జీతం అంత తక్కువని నాకనిపిస్తుంది. తల్లి జీతం అడగదు కదా!

ఇప్పుడు ముజఫర్‌పూర్. సేవా సంకల్ప్ ఏవం వికాస్ సమితి అనే సంస్థ అక్కడ ప్రభుత్వ గ్రాంటుతో బాలికా గృహం నడిపేది. దాని అధిపతి బ్రజేశ్ ఠాకూర్ ఒక పత్రిక యజమాని కూడా. తనిఖీలు జరగలేదా అంటే, జరిగాయి. అధికారులు వచ్చారు, రిజిస్టర్లు చూశారు, సంతకాలు పెట్టారు, వెళ్లారు. బీహార్ సాంఘిక సంక్షేమ శాఖ తన గ్రాంటుతో నడిచే హోముల మీద సామాజిక తనిఖీ చెయ్యమని 2017లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కి అప్పగించింది. ఆ సంస్థ తరఫున 'కోషిష్' బృందం నూటికి పైగా హోములు తిరిగింది. ఆ బృందం రిజిస్టర్ల దగ్గర ఆగిపోకుండా పిల్లలతో మాట్లాడింది. ముజఫర్‌పూర్ హోములో ఆడపిల్లలు తమ మీద జరుగుతున్న హింస గురించి, లైంగిక దాడుల గురించి చెప్పారు. ఆ సంగతి నివేదికలోకి ఎక్కింది. తీవ్రమైన ఆందోళన కలిగించే హోములుగా ఆ నివేదిక 17 హోముల్ని గుర్తించింది.

నివేదిక చేతికొచ్చాక కూడా శాఖ కదలటానికి వారాలు పట్టింది. 2018 మే 31న ఎఫ్‌ఐఆర్ నమోదైంది. సరిగ్గా ఆ రోజే అదే శాఖ అదే సంస్థకి యాచకుల కోసం ఇంకో హోము నడిపే పని మంజూరు చేసిందనీ, వారం తరవాత దాన్ని రద్దు చేసిందనీ ఆ ఏడాది పత్రికలు రాశాయి. ఇందులో అవినీతి కనపడటం సహజమే. నాకు దాని వెనక ఇంకోటి కూడా కనపడుతుంది. ఒప్పందాల ఫైలు ఒక గదిలో నడుస్తుంది. పిల్లల మాటలున్న నివేదిక ఇంకో గదిలో ఉంటుంది. మంజూరు ఫైలు నడిపే గుమాస్తాకి కావలసినవి నమోదు పత్రం, ఆడిట్ లెక్క, వినియోగ పత్రం. అవన్నీ సక్రమంగానే ఉండి ఉంటాయి. 'పిల్లలు ఏమన్నారు' అన్న గడి ఆ ఫైలులో లేకపోతే, ఆ పిల్లలు ఏమన్నా ఫైలు ఆగదు.

దర్యాప్తులో 30 మందికి పైగా బాలికల మీద అత్యాచారాలు జరిగినట్టు తేలింది. 2018 ఆగస్టులో రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖ మంత్రి మంజు వర్మ రాజీనామా చేశారు. సుప్రీంకోర్టు విచారణని ఢిల్లీకి మార్చింది. 2020 జనవరి 20న సాకేత్ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. ఫిబ్రవరి 11న బ్రజేశ్ ఠాకూర్‌కి జీవితాంతం ఖైదు విధించింది. దోషుల్లో ఆ జిల్లా బాలల సంక్షేమ కమిటీ మాజీ అధ్యక్షుడు ఉన్నాడు, కమిటీ సభ్యుడున్నాడు, బాలల రక్షణ అధికారి ఉన్నాడు. అంటే పిల్లని ఆ హోముకి పంపే అధికారం ఉన్నవాళ్లు, ఆ హోముని కనిపెట్టి చూడవలసినవాళ్లు. కంచే చేను మేసిందంటాం ఇలాంటప్పుడు. ఆ సామెత నాకు సరిపోదనిపిస్తుంది. చేను మాట్లాడదు. ఈ పిల్లలు మాట్లాడారు. అడిగినవాళ్లకి చెప్పారు. ఒప్పందం నడిచిన ఇన్నేళ్లలో వాళ్లని అడిగే పని ఎవరికీ అప్పజెప్పలేదు.

చట్టంలో ఏర్పాట్లు లేవనటానికి లేదు. తనిఖీ కమిటీ కనీసం మూడు నెలలకోసారి ప్రతి హోముకీ వెళ్లాలి. ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్లాలి. అందులో ఒక స్త్రీ, ఒక వైద్యాధికారి ఉండి తీరాలి. వారం లోపల నివేదిక ఇవ్వాలి. నిబంధనల ప్రకారం ప్రతి హోములో పిల్లల కమిటీ ఉండాలి, ఫిర్యాదుల పెట్టె ఉండాలి. ఆ పెట్టె ఆఫీసుకి దూరంగా, పిల్లల గదులకి దగ్గరగా ఉండాలని కూడా రాశారు. రాసినవాళ్లు ఆలోచించే రాశారు. కానీ ఆ పెట్టె తాళంచెవి వ్యవస్థ చేతిలోనే ఉంటుంది. రక్షణ అధికారే దోషి అయిన చోట పన్నెండేళ్ల పిల్ల ఆ పెట్టెలో చీటీ వెయ్యాలంటే ఎవరిని నమ్మి వేస్తుంది? ఇన్ని ఏర్పాట్లకీ కలిపి మనం వాడే మాట 'పర్యవేక్షణ'. ఆ మాటలో ఉన్నది ఈక్షణం, అంటే చూపు. చుట్టూ తిరిగి చూడటమే పర్యవేక్షణ. పక్కన కూర్చుని వినటానికి మన పరిపాలనా భాషలో మాటే లేదు.

ఇక స్త్రీలమైన మనకి ఇబ్బంది కలిగించే సంగతి ఒకటుంది. దాన్ని దాటవేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. ముజఫర్‌పూర్‌లో శిక్ష పడినవాళ్లలో ఆ హోములో పనిచేసిన స్త్రీలు ఉన్నారు. పిల్లల్ని కొట్టినవాళ్లు, తెలిసీ నోరు విప్పనివాళ్లు, దాడులకి సాయపడినవాళ్లు. వాళ్లు చిన్న జీతాలకి యజమాని దయ మీద బతికారనీ, ఉద్యోగం పోతే ఇల్లు గడవదనీ చెప్పుకోవచ్చు. అది వాళ్ల నేరాన్ని తగ్గించదు. కానీ విధానాలు రాసేవాళ్లకి ఒక పాఠం చెప్తుంది. కమిటీలో ఒక స్త్రీ ఉండాలి, తనిఖీలో ఒక స్త్రీ ఉండాలి అన్న నిబంధన మన ఉద్యమాల ఫలితమే. దాన్ని తీసేయమని నేననను. అయితే పితృస్వామ్య వ్యవస్థలో కుర్చీలో స్త్రీ కూర్చున్నంత మాత్రాన ఆడపిల్ల మాట వినపడదు. ఆ స్త్రీకి జీతం ఎవరిస్తున్నారు, ఆమె నిజం రాస్తే ఆమెకి ఎవరు అండ, ఆమె రాసినదాన్ని ఎవరు చదువుతారు అన్నవి కూడా తేలాలి. అవి తేలకుండా నియమించిన స్త్రీ ఆ వ్యవస్థకి ఒక సంతకం మాత్రమే.

స్త్రీల పేరుని ఇలా ముసుగుగా వాడుకోవటం ఇదే శాఖ ఇచ్చే ఇంకో రకం కాంట్రాక్టులోనూ చూశాం. అంగన్‌వాడీ పిల్లల ఆహారం సంగతి అది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7న, అంగన్‌వాడీలకి ఆహారం సరఫరాలో కాంట్రాక్టర్లు ఉండకూడదనీ, గ్రామ సమూహాలు, స్వయం సహాయక సంఘాలు, మహిళా మండళ్ల ద్వారా చేయించటం మేలనీ ఆదేశించింది. చక్కటి ఆదేశం. మహారాష్ట్రలో కొన్నిచోట్ల మహిళా మండళ్ల పేర్లు పెట్టుకుని వెనక పాత వ్యాపారులే సరఫరా నడుపుతున్నారని అదే కేసులో కోర్టు నియమించిన కమిషనర్ల పరిశీలన తేల్చింది. ఇంకోపక్క, నిజమైన చిన్న సంఘాలు పోటీలో నిలవలేని విధంగా అక్కడ టెండరు షరతులు పెడితే 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. మహిళ అన్న మాట బోర్డు మీద కావాలి, అధికారంలో అక్కర్లేదు. ఆహారమైనా ఆశ్రయమైనా ఒప్పందం రాసే చెయ్యి మారలేదు.

పిల్లల తలకి ఇంత అన్న పద్ధతికి మళ్లీ వద్దాం. తల లెక్కన డబ్బు వస్తున్నప్పుడు తల ఉండటమే సంస్థకి ఆదాయం. పిల్ల ఇంటికి వెళ్లిపోవటం, మేనత్తో అమ్మమ్మో వచ్చి తీసుకుపోవటం, ఆదాయం తగ్గటం. అందరూ అలా ఆలోచిస్తారని కాదు. లెక్క మాత్రం అలాగే ఉంటుంది. అంతర్దేశీయ దత్తతల్లో ఈ లెక్క ఎంత దూరం పోతుందో మన హైదరాబాదే 1999లోనూ 2001లోనూ చూసింది. ప్రభుత్వ అనుమతి ఉన్న సంస్థల మీదే పోలీసులు దాడులు చేశారు. తండాల నుంచి లంబాడీ ఆడశిశువుల్ని కొద్దిపాటి డబ్బిచ్చి తెచ్చి, కాగితాల మీద తల్లులే ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు రాయించిన సంగతులు బయటపడ్డాయి. విదేశీ దత్తతకి వచ్చే రుసుము ఆ తల్లికి ఇచ్చినదానికి ఎన్నో రెట్లు. గీతా రామస్వామి వంటి కార్యకర్తలు ఆ వ్యవహారం వెనక పడి ఉండకపోతే ఆ కాగితాలు అలా సక్రమంగానే ఉండిపోయేవి. అక్కడ కూడా తల్లి వేలిముద్ర ఉంది, తల్లి మాట లేదు. 2001లో పేదరికం కారణంగా బిడ్డల్ని వదులుకోవటాన్ని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. అలా వదులుకోవలసి వచ్చిన కారణాన్ని ఏ జీవో నిషేధించలేదు.

డబ్బు లెక్కకీ పిల్లల బతుక్కీ ఉన్న ఈ ముడి మనకే ప్రత్యేకమైన జాడ్యం కాదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం 1996, 97ల్లో తన బాలల సంక్షేమ సేవల్ని ప్రైవేటు సంస్థలకి అప్పగించింది. మొదట ఒక్కో పిల్లకి మొత్తం కేసుకి ఇంత అని గుత్తగా ఇచ్చారు. పిల్ల ఎక్కువ కాలం సంరక్షణలో ఉంటే సంస్థకి నష్టం, తొందరగా పంపేస్తే లాభం. సంస్థలు అప్పుల్లో పడ్డాయి. 2000లో పిల్లకి నెలకి ఇంత అన్న పద్ధతికి మారారు. అంటే మనం ఉన్న చోటికి. ఇల్లినాయ్ రాష్ట్రం 1997 నుంచి ఇంకో దారి పట్టింది. ఎంతమంది పిల్లల్ని ఉంచుకున్నారన్నదాని మీద కాకుండా, ఎంతమందికి శాశ్వతమైన ఇల్లు చూపించారన్నదాని మీద కాంట్రాక్టులు ఇచ్చారు. అప్పట్లో యాభై వేలకి పైగా ఉన్న పిల్లల సంఖ్య కొన్నేళ్లలోనే సగానికన్నా తక్కువకి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. అయినా అక్కడ కూడా కొలత 'పిల్ల వెళ్లిపోయిందా లేదా' అన్నదే. వెళ్లిన చోట ఆమె ఎలా ఉందో ఆమే చెప్పాలి. డబ్బు ఏ దిక్కు నుంచి ఇచ్చినా సంస్థ ఆ దిక్కుకే మొగ్గుతుంది. కాబట్టి ఏ చెల్లింపు పద్ధతీ పిల్ల మాటకి ప్రత్యామ్నాయం కాదు.

ఒప్పందాల గొలుసు సంస్థ దగ్గర ఆగదు. సంస్థల్ని కనిపెట్టవలసిన జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు ఉద్యోగులే. సామాజిక కార్యకర్తలు, కౌన్సిలర్లు, ఔట్‌రీచ్ వర్కర్లుగా ఈ పనుల్లో ఆడవాళ్లు చాలామంది. ఏడాదికోసారి తన కొలువు పొడిగిస్తారో లేదో తెలియని మనిషి, పలుకుబడి ఉన్న సంస్థ అధిపతి మీద వ్యతిరేక నివేదిక రాయాలి. ఛైల్డ్‌లైన్ 1098 చరిత్ర చూడండి. 1996లో ముంబైలో జెరూ బిలిమోరియా చొరవతో మొదలైన ఆ ఫోను, వీధిపిల్లలు తమంతట తామే చేసి మాట్లాడగలిగిన అరుదైన ఏర్పాటు. ప్రథమ పురుష ఉత్తమ పురుషగా మారిన చోటు అది. స్వచ్ఛంద సంస్థల జాలంతో పాతికేళ్లకి పైగా నడిచింది. 2022-23ల్లో కేంద్రం దాన్ని ప్రభుత్వ యంత్రాంగంలోకి తీసుకుని 112తో జోడించింది. అత్యవసర స్పందన వేగం పెరగాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఏళ్ల తరబడి ఆ ఫోన్లు ఎత్తిన సంస్థల సిబ్బంది ఎందరో పని పోగొట్టుకున్నారు. పిల్ల చెప్పేది ఎలా వినాలో వాళ్లకి తెలిసిన విద్య ఏ ఒప్పందంలోనూ ఆస్తిగా నమోదు కాలేదు.

అయితే ప్రభుత్వమే అన్నీ నడిపితే సరిపోతుందా? ముజఫర్‌పూర్ తరవాత చాలామంది అన్నది ఇదే. అదే బీహార్ రాజధానిలో, గాయ్‌ఘాట్‌లో ఉన్న ప్రభుత్వ మహిళా సంరక్షణ గృహంలో జరుగుతున్న అకృత్యాల గురించి అక్కడి నుంచి బయటపడిన ఒక యువతి 2022లో మాట్లాడితే, పాట్నా హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టవలసి వచ్చింది. కాబట్టి గోడ మీద సర్కారు పేరుందా సంస్థ పేరుందా అన్నది అసలు ప్రశ్న కాదు. సంస్థలన్నీ ఒకే గాటన కట్టదగినవీ కావు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చిన ఎం.వి.ఫౌండేషన్ అనుభవంలోంచే శాంతా సిన్హా జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి తొలి అధ్యక్షురాలయ్యారు. పిల్లకి హక్కులున్నాయని నమ్మిన సంస్థకీ, పిల్లని పోషిస్తున్నామని చెప్పుకునే సంస్థకీ తేడా ఉంది. ఒప్పంద పత్రంలో ఆ తేడాని చూపే వాక్యం ఒక్కటి కూడా ఉండదు.

మన పత్రికల భాష గురించీ ఒక మాట. హోము గోడ దూకి వెళ్లిన ఆడపిల్లల గురించి మన జిల్లా పేజీల్లో శీర్షిక ఎలా ఉంటుంది? 'బాలికల పరారీ'. దొంగలకి వాడే మాట అది. 2018 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని దేవరియాలో ఒక చిన్నపిల్ల హోములోంచి తప్పించుకుని పోలీసుల దగ్గరికి వెళ్లి చెప్తేనే ఆ హోము సంగతి లోకానికి తెలిసింది. అప్పటికి ఏడాది ముందే దాని అనుమతి పోయింది. అయినా పోలీసులు పిల్లల్ని అక్కడికి పంపుతూనే ఉన్నారు. రద్దు కాగితం ఒక గదిలో, పంపే ఉత్తర్వు ఇంకో గదిలో! 2019 ఫిబ్రవరిలో మొకామాలోని హోము నుంచి ఏడుగురు అమ్మాయిలు వెళ్లిపోయారు. వాళ్లలో ముజఫర్‌పూర్ నుంచి అక్కడికి మార్చిన పిల్లలూ ఉన్నారు. సంతకం పెట్టే హక్కు లేనివాళ్లకి ఒప్పందంలోంచి తప్పుకునే దారి కాళ్లే. ఆ వెళ్లిపోవటాన్ని ఫిర్యాదుగా చదవటం రాని వ్యవస్థ వాళ్లని వెతికి పట్టుకుని మళ్లీ ఇంకో గోడ లోపల పెడుతుంది.

మరి ఏం చెయ్యాలి? నేను పరిపాలనా నిపుణురాలిని కాను. చదువరిగా చూసినప్పుడు ఈ పత్రాల్లో ఉండవలసినవి కొన్ని తోస్తున్నాయి. ప్రతి గ్రాంటు విడతకీ ముందు బయటి బృందం పిల్లలతో, వాళ్ల భాషలో, సిబ్బంది ఎవరూ లేకుండా మాట్లాడాలి. ఆ నివేదిక లేకుండా ఫైలు కదలకూడదు. ఆ బృందానికి జీతం గ్రాంటు ఇచ్చే శాఖ నుంచి రాకూడదు. పద్దెనిమిదేళ్లు నిండి హోములు దాటి వచ్చిన అమ్మాయిలు అందులో ఉండాలి. ఏ గోడ వెనక ఏముంటుందో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పిల్లలు చెప్పినదాని మీద ఏం చేశారో మళ్లీ వచ్చి ఆ పిల్లలకే చెప్పాలి. హోము అనుమతి రద్దు చేసిన రోజే, ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో వాళ్లని అడిగి రాయాలి. హౌస్ మదర్‌కి తల్లి అన్న బిరుదు తీసేసి, గౌరవమైన జీతం, నిజం చెప్తే ఉద్యోగం పోదన్న హామీ ఇవ్వాలి. ఇవేవీ ఖర్చు లేని పనులు కావు. ఇంతకాలం ఆ ఖర్చు పిల్లల శరీరాలు కట్టాయి.

రచయిత్రులం, అధ్యాపకులం అయిన మనకి ఇందులో పని లేదనుకోవద్దు. అనాథ పిల్ల మన కథల్లో చాలాసార్లు వచ్చింది. జాలి పుట్టించటానికో, కథానాయిక మంచితనం చూపించటానికో వచ్చింది. అక్కడ కూడా ఆమె ప్రథమ పురుషే. ఇప్పుడు ముజఫర్‌పూర్ బాధితగా కూడా ఆమెని అలాగే రాసి కన్నీళ్లు పెట్టుకుంటే మనం ఆ తనిఖీ బృందాలకంటే మెరుగేం కాదు. మన జిల్లాలో హోముల తనిఖీ నివేదికలు, సామాజిక తనిఖీ నివేదికలు సమాచార హక్కు కింద అడగవచ్చు. పిల్లల పేర్లూ ఆనవాళ్లూ తీసేసి ఇమ్మని అడగాలి, అది వాళ్ల హక్కు. వచ్చిన కాగితాన్ని తెలుగు శాఖల్లో విద్యార్థులతో కలిసి ఒక పాఠంగా చదువుదాం. ఎన్ని పేజీల్లో మరుగుదొడ్ల లెక్క ఉంది, ఎన్ని వాక్యాల్లో పిల్ల చెప్పినది ఉంది, ఆ వాక్యాల కింద ఏం చర్య రాశారు, ఎప్పుడు రాశారు. విమర్శకి ఇంతకన్నా అవసరమైన పని ఈ కాలంలో ఇంకోటి నాకు కనపడటం లేదు. ముందుగా మీ జిల్లాలో ఎన్ని హోములున్నాయో, వాటిని ఎవరు నడుపుతున్నారో అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రావటానికి ఎన్నాళ్లు పడుతుందో కూడా రాసిపెట్టుకోండి.